చెక్క పడవ తేలిన రోజు

సాయంత్రం అయిదూ నలభైకి గడియారాల మామ తన కొట్టు షట్టరు దించి, ఎదురుగా ఉన్న టీకొట్టు బల్ల మీద ఓ చివర కూర్చున్నాడు. గడియారాలు బాగుచేస్తాడు కాబట్టి ఆ పేరు. ఈమధ్య బాగుచేయించుకునేవాళ్లు లేరు గానీ పేరు మాత్రం మిగిలింది. బల్ల మీద అప్పటికే ప్లంబరూ, ఆటోలు నడిపే బావాబావమరుదులూ ఉన్నారు. నాటకాల హాల్లో లైట్లు వేసే అతను గోడకు ఆనుకుని టీ తాగుతున్నాడు.

"నిన్న ఆ పాటల నాటకం చూసొచ్చాను," అన్నాడు మామ, ఎవరూ అడక్కపోయినా.

లైట్లతను తలెత్తాడు. పడవవాడి భార్య గురించి ఎవరో రాసిన లావుపాటి నవలను నాటకం చేసి, మాటలన్నిటికీ పాటలు కట్టి ఆడుతున్నారు. జనం రావడం లేదు. శనివారం కూడా ఇలాగే ఉంటే మూట కట్టేస్తామని కంపెనీ యజమాని చెప్పేశాడు. అప్పుడు తన పనీ పోతుంది.

మామ అణకువగానే మొదలెట్టాడు. చోటు దొరకడం కాస్త కష్టమైందన్నాడు. కాసేపటికి ఆయన మాటల్లో జనం మెట్ల మీదా, కిటికీల్లోనూ, చివరికి ఒకరి ఒళ్లో ఒకరూ కూర్చున్నారు. మామ ఒళ్లో ఎవరో బ్యాంకు మేనేజరు కూర్చుని, బరువుగా ఉన్నానా అండీ అని మధ్యమధ్య అడిగాడట.

"నువ్వేమన్నావు మామా?"

"పాట అయ్యేదాకా కదలొద్దన్నాను. పడవ మునిగిందని కబురొచ్చి ఆ అమ్మాయి ఒడ్డున నిలబడి పాట ఎత్తుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొదటి వరుస ఏడ్చింది, అది చూసి రెండో వరుస, నవల చదివినవాళ్లయితే టికెట్టు కొనేటప్పుడే ఏడ్చేశారు, వాళ్ల సంగతి వదిలెయ్. చెప్పులు తేలుతున్నాయేమిటా అని చూస్తే నీళ్లు మోకాలిదాకా వచ్చాయి. స్టేజీ మీద చక్రాలు పెట్టి తోసే చెక్క పడవ ఉంది చూడు, అది తనంతట తనే లేచి, తేలుకుంటూ నా దగ్గరికొచ్చి ఆగింది."

అన్ని నీళ్లు ఎటు పోయాయని ప్లంబరు అడిగాడు. అందుకే నిన్ను పిలవాల్సిందన్నాడు మామ. బావాబావమరుదులు పొట్టలు పట్టుకుని నవ్వారు. శనివారం ఇంటిల్లిపాదినీ తీసుకెళ్దాం అని బావ అన్నాడు కూడా. లైట్లతని మనసు తేలికపడింది. కోతలు కొయ్యనీ, ఎంత కోస్తే అంత మంచిది అనుకున్నాడు.

మామ అక్కడితో ఆగలేదు.

"నీళ్లకి లైట్లన్నీ పోయాయి. మన లైట్ల అల్లుడేమో పైన గురక పెడుతున్నాడు. నేనే నిచ్చెనెక్కి, గడియారాలు చూసే అద్దం తీసి, కిటికీలో వెన్నెలకి పట్టి ఆ అమ్మాయి మొహం మీద వేశాను. అంత చక్కటి వెలుగు ఇన్నాళ్లూ పడనే లేదన్నారు."

ఆ మొహం మీద వెలుగు కుదరడానికి లైట్లతను వారం పాటు నిచ్చెన ఎక్కి దిగాడు. ఇక నోరు ఆగలేదు.

"నిన్న హాల్లో ఉన్నది నువ్వొక్కడివే మామా. పైనుంచి చూశానుగా. నీ ఒక్కడి కోసం ఆట మొత్తం ఆడారు."

బల్ల మీద నవ్వు ఈసారి మామ వైపు తిరిగింది. ఆయన సగం టీ ఉన్న గ్లాసు కింద పెట్టాడు.

"ఒక్కడినే చూశానని చెబితే ఎవరొస్తారు అల్లుడూ?" అన్నాడు మెల్లగా. "ఆట అయ్యాక ఆ అమ్మాయి కిందికి దిగొచ్చింది. శనివారం మీవాళ్లని తీసుకురండి అంది. మావాళ్లంటే ఎవరున్నారు, మీరేగా."

లేచి రోడ్డు దాటి, షట్టరు సగం ఎత్తి, వంగి లోపలికి వెళ్లిపోయాడు.

శనివారం ప్లంబరు వచ్చాడు. బావాబావమరుదులు పెళ్లాంపిల్లలతో, చుట్టుపక్కల ఇళ్లవాళ్లతో వచ్చారు. టీకొట్టతను కొట్టు కట్టేసి మరీ వచ్చాడు. నాటకం ఇంకో వారం ఉంటుందన్నారు. అంతమందిలోనూ మొదటి వరుస మధ్య కుర్చీ ఒకటి ఆట అయ్యేదాకా ఖాళీగా ఉండటం లైట్లతను పైనుంచి చూశాడు. దాని మీద ఎవరో చేతిరుమాలు వేశారు.

ఆ రుమాలు తనదేనని, గడియారాలాయన వస్తారని వేసి ఉంచానని, సోమవారం ఆ పాట పాడే అమ్మాయి లైట్లతనికి చెప్పింది.