జర్మనీ సామి యాడున్నడు

"బాపమ్మా, అందరి పేర్ల మీద గుడిల పూజ చెప్పిస్తవు. తాత పేరు మీద ఒక్కసారన్న చెప్పియ్యవేంది?"

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి పానం పోయింది బిడ్డా, మీ తాతకు. సకల జనుల సమ్మె నడుస్తున్నది గప్పుడు. బస్సుల్లేవు, కరెంటు సరిగ లేదు, తంగళ్ళపల్లిల సాంచెలన్ని మూగవోయినయి. బతుకంత సాంచెల మోతల బట్ట నేసిన మనిషి, మోత లేని నాడు పోయిండు.

పూజ సంగతి గదా అడిగినవు, చెప్త. నేను కోరుట్ల కథోలికోళ్ల బిడ్డను. మీ తాతోళ్లు ప్రొటెస్టెంట్లు. మేం సచ్చినోళ్ల కోసం జపం చేస్తం, మోక్షానికి ముంగట పాపాలు కడుక్కునే ఉత్తరించు స్థలంల ఉన్న ఆత్మలు జల్ది మోక్షానికి పోవాల్నని. ఆళ్లు చెయ్యరు. సచ్చినంక ఇగ దేవుడే, మన చేతుల ఏం లేదంటరు.

మా అన్న జగిత్యాల గుడిల ఉపదేశి, ఫాదర్ రాని నాడు ప్రార్థన ఆయనే నడిపిస్తుండె. ఇంటికచ్చినప్పుడల్ల (బస్సు కిరాయి రెండు రూపాలు గప్పుడు, గాదు గాదు, మూడేమో) కూసున్నడంటె మొదలువెడ్తుండె.

"ఏం బావా, ఐదొందలేండ్ల కింద మా మఠం ఇడిసిపెట్టి మీ ప్రొటెస్టెంట్లందరికి దారి తీసిన గా జర్మనీ సామి యాడున్నడో ఎరికేనా? నరకంల గాదు తియ్యి, ఎంతైన మా కాడ చదువుకున్నోడు. ఉత్తరించు స్థలంల దర్వాజ కాడ నిలవెట్టిన్రు. ఎనుక పోయినోళ్లందరు అచ్చేదాక ఆయనకు సెలవు లేదు. మీరు జపం చెయ్యరాయె, మేం ఆయనకు చెయ్యమాయె. దిక్కులేని ఆత్మ!"

మీ తాత కూర కలుపుకుంట, "ఒక్కడే నిలవడి యాష్టకొస్తుండొచ్చు బావా. నేను పోయినంక ముచ్చటకు తోడైత" అంటుండె. నేను నవ్వుకుంటనే వడ్డిస్తుంటి.

సాంచెల కాడ దూది దుమ్ము తాగి తాగి మీ తాత రొమ్ము పాడైంది. పోయే ముందు నా చెయ్యి పట్టుకున్నడు. "నా కోసం జపమాల తిప్పద్దు, పూజ చెప్పియ్యద్దు. దేవుడు క్షమించిండని నమ్మి పోతున్న. నువ్వు ఎనుక నుంచి బతిమిలాడితె నా నమ్మకం ఏమైతది? ఒట్టెయ్యి" అన్నడు. ఏసిన. ఆయాసంల ఉన్న మనిషికి ఏం చెప్త?

మాపటికి మట్టి చేసినం. మా అన్న ఎవల బండి మీదనో అచ్చి, రోడ్డు ఆపిన కాడ దిగి నడిసి, దీపాలు పెట్టే యాళ్లకు చేరిండు. కాళ్లు గూడ కడుక్కోనియ్యలే, అడిగిన.

"అన్నా, పరాష్కం గాదు ఇప్పుడు. గా జర్మనీ సామి యాడున్నడు? ఆయన యాడుంటె నా మనిషి గాడనే ఉంటడు గదా."

గన్నేండ్లు గలగల మాట్లాడినోడు తల ఒంచుకున్నడు. "నాకేం ఎరుక చెల్లే. గదంత బావను ఉడికిచ్చెటందుకు అన్న."

"నరకంల లేడనన్న చెప్పు."

"ఎట్ల చెప్త? ఉన్నడనీ చెప్పలేను, లేడనీ చెప్పలేను."

గంతే బిడ్డా. జపమాల చేతులనే ఉండె, తిప్పనీకె లేదు. ఒక్క కప్పు కింద బతికినోళ్లం, సచ్చినంక ఒక్క కాడ ఉంటమో లేదో చెప్పెటోడు లేడు.

సోమారం పొద్దుగాల జపమాల తీసిన. మీ తాత కోసం జపం చెయ్యనని ఒట్టేసిన గని, గా సామి కోసం చెయ్యనని ఎయ్యలే గదా. "మరియతల్లీ, మా ఇంటాయన పేరు నేను తియ్య. గా జర్మనీ సామికి ఎవలు లేరు, ఆయన్ను కదిలియ్యి" అన్న. ఆయన కదిలితె ఎనకోళ్లు గూడ కదుల్తరేమోనని... అన్న ఉత్తగ అన్నదని తెల్సి గూడ. మా అన్న పక్కన మోకాళ్లేసిండు. మీ బాపు, తండ్రి సంఘపోడే గదా, గడపల నిలవడి ఇన్నడు. "గాయినకు జపం అక్కెర లేదమ్మా" అన్నడు, మెల్లగ.

మనసు తేలికైందా అంటవా? కాలే. ఇయ్యాల్టికి గూడ కాలే.

అటెనుక మీ బాపు తాత మంచం బయటేసి కడిగిండు. సమ్మెల రోడ్డు మీద వంటావార్పుల వండిన కిచిడి పక్కింటోళ్లు తెచ్చిన్రు. మీ అమ్మ వడ్డిచ్చింది. మా ఇంట్ల అన్నం ముంగట ప్రార్థన ఎప్పుడైన మీ తాతనే చేస్తుండె. పళ్లాల ముంగట కూసున్నం. మీ బాపు మా అన్న దిక్కు సూసిండు, మా అన్న నా దిక్కు సూసిండు. కిచిడి సల్లారిపోయింది. ప్రార్థన లేకుంట గట్లనే తిన్నం.