అక్షరం మారకుండా

హిందూపురంలో ఒక కాలేజీ కంప్యూటర్ గది. ధర్మవరం నుంచి వచ్చిన పీహెచ్‌డీ విద్యార్థిని రాధిక. పక్క కుర్చీలో ఆమె గైడు అమర్‌నాథ్, ఈ పిల్లకు నేర్పడం తన స్థాయికి తక్కువన్న మొహంతో.

“ఇదేంది? ‘నమస్కారం, ధర్మవరం మగ్గాల కాడ ఆడోళ్ల పని గురించి చెప్పండి’ అని కొట్టినావు? కంప్యూటరేమన్నా మీ పెదనాయనా?”

“మరి ఎట్ల అడగల్ల సార్?”

“అడిగేది కాదమ్మా, వెతికేది! చూడు ఏమొచ్చినాయో. పట్టుచీరల అంగళ్లు! పీహెచ్‌డీ చేస్తాండావా, పెళ్లి బేరానికొచ్చినావా?”

“కింద ఏమన్నా ఉంటాదేమో అని...”

“ఏముంటాది? మాటలు తగ్గించు. ధర్మవరం, చేనేత, మహిళలు. అంతే. అంగళ్లు రాకుండా ‘చీరలు’ అని కొట్టి ముందర మైనస్ పెట్టు. యాడ పెడతాండావు? ముందరంటే ముందరే!”

“వచ్చినాయి సార్! అన్నీ వ్యాసాలే.”

“తలకాయుంటే వస్తాయి. సోమవారానికి ఆధారాలు చూపించకుంటే నేను సంతకం పెట్టను. రిజిస్ట్రేషన్ పోతాది. ఇంటికి పోయి కండెలకు దారం చుట్టుకో.”

“అది మా అవ్వ చుడతాది సార్. నా రెండో అధ్యాయమంతా ఆమె చెప్పిందే.”

“అందుకే పనికిరాదని పక్కన పడేసినా. ముసలామె ముచ్చట్లు రీసెర్చా?”

“కాదంటారా?”

“మళ్లా అదే మాట! సరే, ఇంకోటి నేర్చుకుని ఏడువు. ఒక వాక్యం ఉన్నదున్నట్టు యాడుండాదో కావల్లంటే, అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టు. అక్షరం మారకుండా దొరుకుతాది. కొట్టి చూడు, నేను ఫోన్ చూసుకుంటా.”

“ఏం కొట్టేది సార్?”

“అదీ నేనే చెప్పల్లా? నీ బుర్రలో ఒక్క వాక్యమన్నా లేదా?”

“మా అవ్వ మాట కొడతా. ‘చీర నేసినోనికి పేరుండాది, కండెలు చుట్టిన నా చేతికి పేరు యాడుండాది?’ ”

“ఆ... అది వద్దు. కదిరమ్మ మాటలు నెట్‌లో యాడుంటాయి? వేరేది కొట్టు.”

“మా అవ్వ పేరు మీకెట్ల తెలుసు సార్? చదవకుండానే పడేసినారనుకున్యా.”

“వేరేది కొట్టు అంటాండా కదా!”

“కొట్టేసినా. ఒకటి దొరికింది.”

“ఎవరిదో అయ్యుంటాది. కట్టెయ్. టైమైంది, కట్టెయ్ అది.”

“పోయిన నెల పత్రికలో వచ్చిందంట సార్. మా అవ్వ ఉండాది, నా అధ్యాయమంతా ఉండాది, పైన మీ పేరుండాది. నా పేరు దొరకల్లంటే ఏం కొట్టల్లో, అది కూడా నేర్పండి.”