మిరపకాయల కాడ కూసున్న బొరుగుల సుంకులమ్మ

బొరుగుల సుంకులమ్మ అని ఒకామె ఉండెనంట, బండపల్లె సంతలో. కాగిన ఇసకలో బియ్యం వేయించి బొరుగులు చేసి అమ్మేది. ఆమె సత్తెమంటే సత్తెమే. మానిక పోస్తే గోపురం కట్టి పోసేదంట. మెత్తబడిన బొరుగుల్ని ఎండకు పెట్టి మళ్ళ అమ్ముతారు సూడు, ఆ పని ఆమె ఎరగదు, ఎద్దులకు పోసేసేది. ఆ సంతలో ఆమె మాదిరోళ్ళే ఇంకా ముగ్గురు: నూనె ఈరన్న, ఉప్పు లింగన్న, కుండల బాలక్క. ఏటి అవతల గడ్డమీది సంతలో మిరపకాయల కాశింబీ. ఈ ఐదుగురూ అమాస అమాసకు ఈరన్న గానుగ చావిట్లో కూసుని, ఒకరికి తెలిసింది ఒకరికి చెప్పుకుందురంట. ఒకరు నేర్చింది అందరిదీ, అదీ వాళ్ళ కట్టుబాటు. బాలక్క ఒకసారి, నా అంగడి ముందర నీళ్ళ కుండ పెట్టినా, దప్పికైనోళ్ళు తాగిపోతాండారు అనె. పై వారం సంతకు అన్ని అంగళ్ళ ముందరా కుండలే. అడిగిందీ లేదు, తర్కించిందీ లేదు. మంచోళ్ళు గదా, మంచోళ్ళ మాట మంచోళ్ళు నమ్ముతారు. అక్కడే ఉండాది తంటా.

ఏమైందంటే, సుంకులమ్మ ఒక అమాసకు చెప్పిందంట: నేను లేనోళ్ళను పేరు పెట్టి పిలిచి, ముందుకు రమ్మని, అందరికన్నా ఒక పిడికెడు ఎక్కువ పోస్తాండా. అట్లా గట్టిగా పిలిస్తే వాళ్ళు ఎనకాల నిలబడి మొగమాటపడే పని లేదు. అబ్బా, ఎంత మంచి మాట, అని ఈరన్న కండ్లు తుడుచుకునె. పై సంతకు నాలుగు అంగళ్ళలోనూ అదే పిలుపు. రా సామీ, కూలి దొరకనోడివి, నీకు గరిటెడు ఎక్కువ! రా మే, మొగుడు లేనిదానివి, నీకు ఇంకో గుప్పెడు ఉప్పు! కాశింబీ ఒక్కతే, నా నోరు మంచిది కాదమ్మా, నేను దానం చేసినా తిట్టినట్టే ఉంటాది, నాతో కాదు అనిందంట.

రెండు నెలలు గడిచేసరికి సంత పలచబడె. మూడో నెలకు ఇంకా పలచబడె. ఈ నలుగురూ తలకాయ పట్టుకొని, మనం ఇచ్చేది చాలలేదేమో, రెండు పిడికెళ్ళు చేద్దాం అనుకున్నారంట. చేసినారు. జనం ఇంకా తగ్గిరి. ఏం మే పెద్దక్కా, నా కత ఇంటా నవ్వుతాండావ్? నీకు తెలిసిపోయిందిలే. వాళ్ళకు తెలీలా! ఊరి పెద్దలు వచ్చి, దసరా లోపల జనం రాకపోతే సంత ఎత్తేస్తాం అని చెప్పిపోయిరి. సంత ఎత్తేస్తే ఈ నలుగురూ మూట కట్టుకొని ఊరిడిసి పోవాల్సిందే. సుంకులమ్మకు ముద్ద దిగలేదంట. అప్పుడు కాశింబీని అడిగె, ఏం అక్కా, నీ సంత ఏంటికి నిండుతాది, నాకు చెప్పు. ఆమె, నాకేం తెలుసు మే, వచ్చి నా పక్కన కూసో, సూసుకో, అనె.

పోయింది. రెండు కోసుల నడక. కాశింబీ ఒక గుడ్డ ఇచ్చి, ముక్కూ మూతీ కట్టుకో, లేకుంటే ఘాటుకు సచ్చిపోతావు అనె. కట్టుకునింది. మొగంలో కండ్లు తప్ప ఏమీ కనపడవు. తట్ట ఎనకాల కూసుని మిరపకాయలకు తొడిమలు తీస్తా తలెత్తి సూస్తే, వస్తాండారంట ఆడోళ్ళు. ఎవురనుకున్యారు? తన బండపల్లె వాళ్ళే! ఒకరు కాదు, ఇద్దరు కాదు, పొద్దు నడినెత్తికి రాకముందే తొమ్మిది మంది! సుంకులమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయె. వాళ్ళంతా తన కాడ రెండు పిడికెళ్ళు ఎక్కువ తీసుకునే వాళ్ళే. ఆ కాశింబీ ఏమన్నా దానం చేస్తాందా? లేదు, కొట్లాడుతాంది! ఏం కాశీ, ఇవి ఎండినవా కుళ్ళినవా, అని ఒకామె. నీ కండ్లు కుళ్ళినాయిలే, సూసి మాట్లాడు, అని కాశింబీ. కొసరు వెయ్యి. మీ నాయన సొమ్మా? వెయ్యకపోతే తట్ట తలకిందులు చేసిపోతా! తీసుకో పో, నీ నోట్లో మంట పుట్టా, అని ఒక గుప్పెడు ఇసిరి కొట్టె. ఆమె కొంగు పట్టి నవ్వుకుంటా పోయె, గెలిచినట్టు.

అంతలో తిప్పక్క వచ్చె. మొగుడు పోయి నాలుగేండ్లాయె, ఇద్దరు ఆడపిల్లోళ్ళు. కాశింబీ అడిగె, ఏం మే, మీ ఊర్లో నాలుగు సత్తెం అంగళ్ళు పెట్టుకొని ఇంత దూరం నడుస్తావే? తిప్పక్క తట్ట ముందర కూలబడి ఏమనిందంటే, సత్తెమే అక్కా, ఎవురు కాదనిరి. ఆ బొరుగులామె మంచిది. మంచిది కాబట్టే తిట్టేదానికి కూడా వీల్లేదు. నాగిరెడ్డి రెండెకరాల చేను నాకు గుత్తకు ఇస్తానని మాటిచ్చిండె. విత్తనం శెనక్కాయలు మూడేండ్ల నుంచి కూడబెట్టి కుండలో పోసి మూతికి మన్ను మెత్తి పెట్టుకున్యా. పిల్లోళ్ళు ఏడ్చినా మూత తీయలా. ఒకపొద్దు సంతలో ఆయన నా ఎనకాలే నిలబడినాడు. ఆమె పిలిచె, రా తిప్పక్కా, ఇంట్లో గింజ లేనిదానివి, ముందు నీకు, రెండు పిడికెళ్ళు! సంతంతా తిరిగి సూసె. నాగిరెడ్డి ఒక్క మాటే అన్యాడు: ఇంట్లో గింజ లేనిది నా చేన్లో ఏం విత్తుతాది? విత్తినా తవ్వుకొని తింటాది. చేను వేరేవాళ్ళకు ఇచ్చేసె.

కాశింబీ తట్ట పక్కకు జరిపి ముందుకు వంగె. తిట్టకుండా, మెల్లగా అడిగె, మళ్ళ ఆ విత్తనం కాయలు ఏం చేస్తివే?

ఏం చేస్తా? తింటిమి. ఆయన మాటే నిజమాయె.

సుంకులమ్మకు ఆపొద్దు బాగా గుర్తుండాది. ఆ సాయంత్రం ఇంటికి పోయి, ఈపొద్దు ఒక మంచి పని చేసినా అని, ఎప్పుడూ లేంది రెండు ముద్దలు ఎక్కువ తినింది. ఇప్పుడు లేసి తిప్పక్క కాళ్ళు పట్టుకుందామనుకునె, లేయలేకపోయె. తిప్పక్క కొసరుకు కొట్లాడి, కాయలు కొంగున కట్టుకొని లేసిపోయె. ఈమె ఆ గుడ్డ ఎనకాల తలొంచుకొని మళ్ళ తొడిమలు తీస్తా ఉండిపోయె.

అమాస వచ్చె. గానుగ చావిట్లో కాశింబీ తప్ప అందరూ కూసునిరి. సుంకులమ్మ చెప్పె, నేను మీకు నేర్పింది ఇసం, అన్నా, నేను తాగిందే మీకూ పోసినా. ఆ పిలుపుతో ఒకరి బతుకు చెడిపోయింది, ఇడిసిపెట్టండి. ఈరన్నకు కోపమొచ్చె. నువ్వే చెప్తివి, నువ్వే వద్దంటావు. మంచి చేస్తే చెడ్డ అయితాదా? ఎవురు చెప్పినారు? పేరు చెప్పు. లింగన్న, ఆ, పేరు చెప్పు. బాలక్క, పేరు చెప్పకుండా ఎట్ల నమ్మేది మే? తిప్పక్క పేరు ఆమె నాలిక చివర ఉండాది. చెప్తే ముగ్గురూ నమ్ముతారు, సంత నిలబడతాది. నోరు తెరిచింది కూడా. తెరిచినాక తట్టె. పేరు పెట్టి పిలిచే గదా నేను ఆమె చేను పోగొట్టింది! మళ్ళ అదే పని, ఇంకోసారి, నలుగురి ముందర! టక్కున మూసుకునె. ఈరన్న, సుంకులమ్మ నోరు మూసిందంటే ఇదేదో పెద్ద రోగమే, అని ఎగతాళి చేసె. ఆమె, నన్ను నమ్మద్దు, అన్నా. నేను చెప్పినానని మొదట నమ్మితిరి సూడు, అదే తప్పు. ఒక్కొక్కరూ పోయి కాశింబీ పక్కన మూతికి గుడ్డ కట్టుకొని కూసోండి. అని లేసి ఇంటికి పోయె.

పోయినారు. ముందు బాలక్క, మళ్ళ లింగన్న. కడాకు ఈరన్న, నాకేం తక్కువ అని మీసం తిప్పుకుంటా పోయి, మాపటికి ఎర్రటి కండ్లతో వచ్చె. మిరపకాయల ఘాటా, ఇంకేమన్నానా? పై సంతకు ఆ పిలుపు ఎవురి నోట్లోనూ లేదు. అందరికీ ఒకే మానిక, కొసరు కావాలంటే కొట్లాడి తీసుకో. మొదట ఒకరొచ్చిరి, మళ్ళ ఇద్దరు. దసరా నాటికి సంతలో సందు లేదనుకో.

తిప్పక్క అందరికన్నా కడాన వచ్చె. మానిక పట్టి సూసి, ఇదేంది మే, ఇంత తక్కువా, కొసరు పొయ్యి అనె. సుంకులమ్మ, పొయ్యను పో, నా పొయ్యి కట్టెలకు దుడ్లు నువ్విస్తావా, అనె. ఇద్దరూ బాగా అరుచుకునిరి. కడాకు ఒక గుప్పెడు పోయించుకొని, మూట కట్టుకుంటా, తిప్పక్క వంగి ఈమెకు మాత్రమే ఇనపడేట్టు అనిందంట: ఇసక కాచి కాచి కమిలిన చేతులు ఈ సీమలో ఇంకెవురికి ఉండాయి అక్కా? మూతికి గుడ్డ కట్టితివి గానీ, చేతులు దాచుకోలేదే. నువ్వని తెలిసే చెప్పినా. నీ మొగం సూస్తా చెప్పలేక, ఆ గుడ్డకు చెప్పుకున్యా. నా పేరు ఊర్లో ఇంకోసారి మోగితే ఈ గడప తొక్కకూడదు అనుకొని రెండు నెలలు కాచుకొని సూస్తి. మోగలా. సరే, ఇంకో పిడికెడు పొయ్యి.

సుంకులమ్మ చేతిలో మానిక జారి కింద పడె. బొరుగులు నేలంతా. అందరూ తిరిగి సూసిరి, ఏమైందే ఏమైందే అని. ఏం లేదు, చెయ్యి జారింది, అనిందంట.

చేను మాత్రం తిరిగి రాలేదు. నాగిరెడ్డి ఇచ్చినోళ్ళకే ఉండిపోయె. నేను ఈ కత చెప్పినప్పుడల్లా ఎవురో ఒకరు, చేను వచ్చినట్టు చెప్పరాదా అవ్వా, నీ సొమ్మేం పోతాది అంటారు. అట్లా చెప్తే మీరు సుకంగా లేసిపోతారు, నాకు తెలుసు. రాలేదు నాయనా. ఏం చెయ్యమంటావు?