హాల్లో వంపు

భార్య పోయిన ఫిజిక్స్ మాస్టారూ, ఆయన కూతురూ ఇంట్లో ఉన్నారు. హాలు మధ్యలో రోగి మంచం ఉండే చోటు ఇప్పుడు ఖాళీ.

“నాన్నా, అమ్మ మంచం పంపించేశాం కదా. ఇంకా గోడ పక్కనుంచి చుట్టూ తిరిగొస్తావేంటి?”

“అలవాటమ్మా.”

“గురుత్వాకర్షణంటే బరువైన వస్తువు చుట్టూ చోటే వంగడమని పాఠం చెప్పేవాడివిగా. నిజంగా వంగుతుందా, లెక్క కుదరడానికి అలా అనుకుంటారా?”

“వంపు కంటికి కనపడదు. దాంట్లో నడిచేవి ఎటు తిరుగుతున్నాయో చూసి తెలుసుకోవాలి.”

“మరి బరువు తీసేస్తే?”

“తిన్నగా అయిపోవాలి. పుస్తకంలో అయితే అంతే.”

“సరేలే, కూర్చో. మాత్ర వేసుకుందువుగాని, నీళ్ళు తెస్తా... ఇదిగో.”

“ఎటునుంచి వచ్చావో చూసుకున్నావా?”

“అయ్యో. గోడ పక్కనుంచే వచ్చాను.”

“అయితే వంపు నిజమే తల్లీ. నా ఒక్కడి భ్రమ కాదు.”