ఆనవాలు

నిజాం పాలన చివరి రోజుల్లో, ఒక పొద్దున వరంగల్ చౌరస్తాలో గిన్నెల దుకాణం నడిపే ఆమె ఒక్కతే ఠాణా మెట్లెక్కింది. జమేదారు కూర్చోమన్నా కూర్చోలేక, కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ నిలబడింది.

"జమేదార్ సాబ్, మా వెండి చెంబు ఎత్తుకపోయిండని నేను చూపించిన లంబాడాయనను ఇడిసిపెట్టుండ్రి."

"అదేందమ్మా! ఈడేనని నువ్వే వేలుపెట్టి చూపిస్తివి గద?"

"చూపించిన. కని దొంగ మొఖం నేను చూడనేలేదు. గోడ దుంకుతాంటె వీపే కండ్లవడ్డది."

"మరి ఎట్ల ఆనవాలు వట్టినవు?"

"లంబాడోడేనా అని మీరడిగిన్రు. నాకూ అట్లనే అనిపిచ్చింది, అవునన్న. తెల్లారి ఐదుగురిని వరుసగ నిలవెడితిరి. అండ్ల ఎర్ర పాగ సుట్టుకున్న లంబాడాయన ఒక్కడే ఉండె."

"ఇప్పుడు మాట మారిస్తె నీ మీదనే కేసైతది."

"కానియ్యుండ్రి. మూడొద్దులాయె, బుక్క నోట్లెకు పోతలేదు."

జమేదారు విసుక్కుంటూ లోపలికి వెళ్లి, ఒక మనిషిని జబ్బ పట్టుకొని తెచ్చాడు. నెత్తిన పాగా లేదు. చెంపలు వాచి ఉన్నాయి. ఆమె అతణ్ని ఎగాదిగా చూసి, వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని గుమ్మం వైపు తొంగిచూసింది.

"ఈయనెవరు సాబ్? నేను చెప్పేది ఆ లంబాడాయన ముచ్చట."

"నువ్వు చూపించినోడు ఈడేనమ్మా."

ఆమె అట్లాగే బెంచీ మీద కూలబడింది.

"దొరా, ఇగ నేను పోవచ్చునా?" అన్నాడు ఆ మనిషి.

జమేదారు పట్టుకున్న జబ్బ వదిలేశాడు.