పుల్లారావు తేని తాంబూలం

పిల్లలూ, మిరపకాయల తొడిమలు తీస్తూనే ఒక మాట చెప్పండి చూద్దాం. మీ చేనికి బండి పోవాలంటే పక్కవాళ్ళ చేలోంచి తప్ప దారి లేదు. తాతల నాటి నుంచి మీ బండి అట్లాగే పోతోంది. ఒకనాడు ఆ చేను ఆసామి రాళ్ళు పాతి, ఇది నా చేను, ఇటు రాబాకండి అన్నాడు. ఇప్పుడా దారి ఎవరిది?

తొందరపడి చేతులెత్తొద్దు. ముందు రత్తమ్మ సంగతి వినండి.

సాగర్ డ్యామ్ కట్టే రోజులవి. కాలవ వస్తుందన్న కబురుకే మెట్టచేలకు ఎక్కడలేని విలువ వచ్చింది. నడికుడి అవతల పుల్లారావు తన చేను చుట్టూ నాపరాతి పలకలు నిలువునా పాతించాడు. ఆ వెనక చేను రత్తమ్మది. మొగుడు పోయినా ఒంటిచేత్తో సేద్యం చేసే మనిషి. బండి దారి మూసుకుపోయేసరికి ఆ ఏడు జొన్న కంకులన్నీ గంపలకెత్తి, గట్ల మీద చుట్టు తిరిగి మోయించింది. సగం గింజ దారిలోనే రాలింది. గడ్డపలుగు తీసుకుపోయి రాళ్ళు పీకుదామనుకుంది గానీ, గురజాల ప్లీడరు గోపాలకృష్ణయ్యగారు "ఆ పని చేస్తే తప్పు నీ మీదికొస్తుందమ్మా, కోర్టుకే పోదాం" అని దావా వేయించారు. సాక్షి కావాలన్నారు. పుల్లారావు పొలంలో పనికి పోయేవాళ్ళెవరూ నోరు విప్పలేదు. వస్తానన్నది కొండలొక్కడే. చిన్నప్పుడు తండ్రి పక్కన కూచొని, తర్వాత తనే పగ్గాలు పట్టి, ఆ దారిన రత్తమ్మ బండి తోలినవాడు. పనిమంతుడే. నోరు తెరిస్తే మాత్రం అన్నీ కోతలే.

వాయిదాకు ముందురోజు సాయంత్రం స్టేషను ఎదుట అమీనా బీ టీ కొట్టులో మొదలుపెట్టాడు.

"రేపు జడ్జీగారికి ఏం చెప్తానంటే, ఒకసారి ముసురు పట్టి ఆ దారిలో బండి చక్రం కుంగిపోయింది, నేను దిగి భుజం ఆనించి ఒక్క తోపు తోశా, బయటపడింది."

"అది ఎవరైనా తోస్తారు మామా," అన్నాడు రైల్వే పోర్టరు ఏసయ్య.

"ఎవరైనానా? ఆగరా, ఇంకా చెప్పనీ! నేను తోసిన తోపుకు బండి లేచి గాల్లో నిలబడింది, కాడికి కట్టిన ఎడ్లు రెండూ కొయ్యకు తగిలించిన చొక్కాల్లాగా వేలాడుతున్నాయి, దించితే మళ్ళీ కుంగుతుందని అట్లాగే పట్టుకొని పుల్లారావు చేను దాటించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక ఎద్దు చానా అలిసిపోయింది."

"గాల్లో వేలాడే ఎద్దుకు అలుపేందిరా?" అంది అమీనా బీ టీ వడపోస్తూ.

"భయానికి అలిసిపోదా అమీనక్కా? దాన్ని బండెక్కించి కాడి నేనే భుజానేసుకున్నా. నా అడుగు పడ్డచోటల్లా నేల దిగబడి నీళ్ళు ఊరాయి. సాగర్ ఇంజనీర్లు జీపులో వచ్చి చూసి, 'కొండలూ, నువ్విట్లా మాచర్ల దాకా నడువు, మాకు కాలవ తవ్వే పని తప్పుద్ది' అన్నారు."

కొట్టంతా గొల్లుమంది. రత్తమ్మ కూడా నవ్వింది. రేపటి దిగులు కాస్త తగ్గినట్టనిపించింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పుల్లారావు పరిగెత్తుకొచ్చాడు, ఇత్తడి పళ్ళెంలో తాంబూలం పట్టుకొని! 'కొండలూ, నీ అడుగు పడితే నా చేను పండుద్ది, నా చేలోంచే పో' అని బతిమాలాడు. అప్పట్నించి ఏటా ఉగాదికి తాంబూలం ఇచ్చి, ఈ ఏటికి కూడా నా దారిన పో నాయనా అని సెలవిస్తేనే నేను బండి కట్టేది."

రత్తమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"ఒరేయ్ కొండలూ, రేపు బోనులో ఇదే చెప్తావా?"

"ఇంతకంటే ఎక్కువే చెప్తా పిన్నీ. జడ్జీగారు నాకు కుర్చీ వేయించకపోతే చూడు!"

"అయితే నా దారి పోయినట్టే."

అందరూ ఆమె వంక చూశారు.

"పుల్లారావు సెలవిస్తే నువ్వు పోయావు. సెలవిచ్చినోడు ఎప్పుడైనా వద్దనొచ్చంట, ప్లీడరుగారు నాకు మరీ మరీ చెప్పారు. ఇరవయ్యేళ్ళ పాటు ఎవర్నీ అడక్కుండా, అందరూ చూస్తుండగా, ఎవరూ అడ్డం పెట్టకుండా, ఇది మా దారే అన్నట్టు పోయుంటేనే హక్కు. పెళ్ళికి పిలిస్తే వచ్చి భోంచేసినోడు ఆ పందిరి నాదంటే ఒప్పుకుంటారా? నన్ను పెళ్ళికొచ్చినదాన్ని చేస్తున్నావు గదరా!"

కొండలు చెయ్యి మీసం మీంచి కిందికి దిగింది.

"నిజం చెప్పు. తాంబూలం తెచ్చాడా?"

"తేలేదు పిన్నీ."

"మీ నాయన ఎప్పుడన్నా ఆయన్ని అడిగాడా?"

"ఎవరడుగుతారు? బండి పోయేది, వచ్చేది. ఏం జరగలా."

"అదే చెప్పు. ఏం జరగలేదని చెప్పు. నాక్కావలసింది అదే."

ఏమీ జరగలేదని చెప్పడం! బండిని ఎడ్లతో సహా ఎత్తమన్నా కొండలుకు అంత కష్టం అనిపించేది కాదు.

మర్నాడు బోనెక్కాడు. వాడి నోటి సంగతి పుల్లారావు తరఫు ప్లీడరుకు ఎవరో చేరవేసినట్టున్నారు, తియ్యగా అడిగాడు: "నీలాంటి పేరున్న మనిషిని పుల్లారావుగారు గౌరవించకుండా ఉంటారా? ఆయనే పిలిచి, మా చేలోంచి పో కొండలూ అనే ఉంటారు కదూ?"

కొండలు మీసం అదిరింది. ఛాతీ పొంగింది. రత్తమ్మ కొంగు చివర పిడికిట్లో నలిగిపోతోంది.

"లేదండీ," అన్నాడు చివరికి. "ఆయన నన్నెప్పుడూ పట్టించుకోలేదండీ. పిలవనూ లేదు, ఆపనూ లేదు. మేమూ అడగలేదు. బండి పోయేదండీ, అంతే."

తీర్పు రత్తమ్మ వైపే వచ్చింది. బండి పట్టేంత మేర రాళ్ళు లేచాయి. తర్వాతి పంటకు జొన్న కంకులు బండెక్కి ఇల్లు చేరాయి.

కంకులు దించిన సాయంత్రం కొండలు మళ్ళీ టీ కొట్టులో కూచున్నాడు. "నన్ను చూడగానే జడ్జీగారు లేచి తన కుర్చీ నాకిచ్చాడు, నా మాటలు రాయటానికి గుంటూరు నుంచి సిరా రైలు వ్యాగన్లో తెప్పించారు, ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పుల్లారావుగారు తాంబూలం తెచ్చాడా మామా?" అన్నాడు ఏసయ్య.

కొండలు నోరు తెరిచాడు. బల్ల చివర టీ తాగుతున్న రత్తమ్మను చూశాడు. మూశాడు.

"తేలేదు," అన్నాడు. "అదొక్కటీ తేలేదు."

మరి ఇప్పుడు చెప్పండి, దారి ఎవరిది? ఆఁ, చేను పుల్లారావుదే, అందులోంచి పోయే హక్కు రత్తమ్మది. రెండూ వేరు, గుర్తుంచుకోండి. సరే, గడపలో కూచున్నవాళ్ళు కాస్త జరగండి. మిరపకాయలు సగం తొడిమలతోనే ఉన్నాయి, ఎండ పోకముందే తీసెయ్యాలి.