ఆరున్నర అడుగుల డెన్నీ

అధ్యక్షత వహించిన మన టీవీ స్టేషన్ మేనేజర్ మార్సియా ఓబర్‌హోల్ట్ గారికి, ఇరవై ఏళ్లు ఈ ఊరికి వాతావరణం చెప్పి అందులో సగం రోజులు తప్పు చెప్పిన పెద్దాయన వెర్న్ టటిల్ గారికి (నవ్వులు), ఈ చలిలో కార్లు వేసుకుని వచ్చిన కెల్టన్ ఊరి మిత్రులకి, ముందు వరుసలో ఇంకా కోటు విప్పకుండా కూర్చున్న మా చెల్లెలు పాలెట్‌కి, లియొనార్డ్ హ్రుస్కా నమస్కారాలు.

మార్సియా గారు ఇందాక నా గురించి చెప్పిన మంచిమాటల్లో సగం నిజమైనా నన్ను ఇన్నాళ్లు నేలమాళిగలో కూర్చోబెట్టి ఉండేవారు కారు. నలభై నాలుగేళ్లు పనిచేసి ఇవాళ రిటైరవుతున్నాను. ఈ సభని 'డెబ్బైల నాటి సాయంత్రం' అన్నారు; గోడలకి పాత రికార్డుల అట్టలు అంటించారు; పిల్లలంతా నేల ఊడ్చే ప్యాంట్లు వేసుకొచ్చారు. నాయనా, ఆ ప్యాంట్లు అప్పుడు కూడా ఎవరికీ నప్పలేదు. (నవ్వులు)

కిరాణా కొట్లో కనబడినా, చర్చి మెట్ల మీద కనబడినా మీరంతా నన్ను అడిగేది ఆ రోజుల గురించే. మూడంటే మూడు ఛానళ్లు, ఊరంతా ఒకే వేళకి ఒకే డిటెక్టివ్ సీరియల్ చూసి మర్నాడు ఫ్యాక్టరీలో దాని గురించే పోట్లాడుకోవడం, కార్లో రేడియో పెడితే ఆ పాటలు, ఆ కార్లు ఒకదాన్నొకటి తరుముకునే సినిమాలు, అబ్బ, అలాంటివి మళ్లీ వస్తాయా అంటారు. నేను తల ఊపి తప్పుకుంటాను. గర్వం అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు. గర్వం కాదు. అది చెప్పుకోవడానికే ఇవాళ నిలబడ్డాను.

కొత్తవాళ్ల కోసం నా పనేమిటో చెప్పాలి. సినిమా రీళ్లు డబ్బాల్లో వచ్చేవి. ఒకే కాపీ ఊరూరూ తిరిగేది. ఈ వారం మన దగ్గర, పై వారం ఇండియానా రాష్ట్రంలో ఇంకో స్టేషన్ దగ్గర. సినిమా నూట ఆరు నిమిషాలుంటే, ప్రకటనలు పోను నాకు దొరికే చోటు తొంభై. మిగిలిన పదహారు నిమిషాలు కోసి, ఆ ముక్కల్ని వరసగా మేకులకి వేలాడదీసి, ప్రసారం అయ్యాక ఎక్కడివక్కడ అతికించి, డబ్బా మూసి పై ఊరికి పంపాలి. కోసింది అతికించకుండా పంపినవాణ్ణి మావాళ్లు దొంగ అనే అనేవాళ్లు. అంచేత మీరు ఇంట్లో కూర్చుని చూసిన సినిమా ఒక్కటీ పూర్తిది కాదు. వెర్న్, ఆ పోలీసు సినిమాలో హీరో చెయ్యి ఉన్నట్టుండి కట్టులోకి ఎలా వెళ్లిందని నువ్వు పదేళ్లు బుర్ర బద్దలుకొట్టుకున్నావు చూడు, ఆ చెయ్యి విరగ్గొట్టింది నేనే. (నవ్వులు)

డెబ్బై మూడు వేసవిలో మన ఊళ్లోనే ఒక కార్ల సినిమా తీశారు. పెద్దవాళ్లకి గుర్తుంటుంది. బేకరీ మలుపులో కారు దూసుకొస్తుంటే సోడా సీసాల పెట్టె పట్టుకుని రోడ్డు దాటేవాడు ఒకడు కావాలన్నారు. మా తమ్ముడు డెన్నీ వెళ్లాడు. పంతొమ్మిదేళ్లు, ఆరడుగుల పొడుగు, నీలం చొక్కా. కెమెరాలోకి చూడొద్దని పదిసార్లు చెప్పారట. కారు వచ్చింది, వాడు పక్కకి దూకాడు, ఒక్క సీసా కూడా పగలలేదు, నేరుగా కెమెరాలోకి చూసి నవ్వాడు. ఆ నవ్వు బాగుందని అలాగే ఉంచేశారు. మొత్తం పదకొండు సెకన్లు. మా కొలతలో ఆరున్నర అడుగుల ఫిలిం. నిజం డెన్నీ కన్నా అర అడుగు ఎక్కువ.

మూడున్నరేళ్ల తర్వాత, ఫిబ్రవరిలో, మంచు గడ్డకట్టిన వంతెన మీద నిజం కారు వచ్చింది. పక్కకి దూకడానికి చోటు లేదు.

ఆ సినిమా ఏటా నవంబర్లో, థాంక్స్‌గివింగ్ పండక్కి ముందు శనివారం మధ్యాహ్నం మన స్టేషన్‌లో వచ్చేది. ఆ రోజు మా అమ్మ గసగసాలు పెట్టి చుట్టిన తీపి రొట్టె కాల్చి, ఇరుగుపొరుగుని పిలిచి, చర్చికి వేసుకెళ్లే గౌను తొడుక్కుని, కుర్చీ టీవీకి ఆనించి కూర్చునేది. అంత దగ్గర కూర్చుంటే కళ్లు పోతాయని మమ్మల్ని తిట్టి పెంచిన మనిషి. వాణ్ణి మాత్రం కొయ్యకురా అని నాకు ముందే చెప్పేది. కోసేవాణ్ణి కాదు.

ఆమెని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది నేను. మెట్ల మీద మంచు ఎత్తింది నేను. ప్రతి ఆదివారం ఎదురుగా కూర్చుని ఆమె వండింది తిన్నది నేను. ఆ పదకొండు సెకన్లు ఆ గాజు పలక వంక చూసిన చూపు ఆమె నా వంక ఒక్కసారీ చూడలేదు. చచ్చిపోయిన తమ్ముడి మీద నాకు అసూయ. అరవై ఐదేళ్ల వయసులో ఈ మాట పైకి అంటున్నాను.

ఎనభై ఒకటిలో, ఆ శనివారం పొద్దున్న, ఫర్నిచర్ కొట్టువాళ్లది పది సెకన్ల ప్రకటన ఒకటి ఎక్కువ వచ్చింది. సినిమాలో సూర్యాస్తమయం ఒకటి ఉంది, నిమిషం పొడుగు, ఎవరికీ అక్కర్లేనిది. అది కొయ్యొచ్చు. నేను డెన్నీని కోశాను.



కోసి, మధ్యాహ్నానికి వెళ్లి అమ్మ పక్కనే కూర్చున్నాను. బేకరీ మలుపు వచ్చింది, వెళ్లిపోయింది. ఇంకా తర్వాతైనా వస్తాడేమోనని ఆమె ఆఖరి పేర్లు పడేదాకా చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఏరా లెన్నీ, ఈ ఏడు వాడు రాలేదేమిట్రా?" అంది.

కాపీయే అలా వచ్చిందమ్మా, ఏ ఊళ్లోనో కోసేసి ఉంటారు అన్నాను.

"పోనీలే, ఏ ఊరివాళ్లో. వాళ్లకేం తెలుసు పాపం," అంది. లేచి అందరికీ రొట్టె ముక్కలు పెట్టింది. నాక్కూడా పెట్టింది. తిన్నాను.

సోమవారం మిగతా ముక్కలన్నీ అతికించాను. ఈ ఒక్కటీ జేబులో వేసుకున్నాను. డబ్బా వెళ్లిపోయింది. పై ఏడు అదే డబ్బా నా బల్ల మీదికే తిరిగొచ్చింది, నా అతుకుతోనే. కొత్త కాపీ వచ్చిందని ఇంకో అబద్ధం ఆడి అతికించెయ్యొచ్చు. మొదటి ఏడు భయమేసింది. తర్వాత సిగ్గేసింది. ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది, చూడటం మాత్రం మానలేదు. పోయేదాకా ఏడు నవంబర్లు అదే కుర్చీలో కూర్చుని చూసింది. పాలెట్, వాణ్ణి తిరిగి పెట్టమని ఆ సినిమా కంపెనీకి నువ్వు రెండు ఉత్తరాలు రాశావు. స్టాంపులు కొనిచ్చింది నేనే. నాకేసి చూడక్కర్లేదు, వింటే చాలు.

పోయిన వారం మార్సియా గారు నా గౌరవార్థం భోజనాలయ్యాక ఆ సినిమానే ఈ గోడ మీద వేస్తామన్నారు. వీడియో టేపులు వచ్చాక ఆ డబ్బా తిరగడం మానేసి మన నేలమాళిగలోనే ఉండిపోయింది. విప్పి చూశాను. ఆ రోజుల రంగు ఫిలిం అంతే, మొత్తం ఎర్రబారిపోయింది. ఆకాశం ఎరుపు, గడ్డి ఎరుపు, మనుషుల మొహాలు ఎరుపు. చల్లగా ఉంచితేనే రంగు నిలుస్తుంది. నా ముక్క ముప్పై నాలుగేళ్లుగా మా ఇంట్లో, ఐసుపెట్టెలో, బఠాణీల సంచి కింద, రేకు డబ్బాలో ఉంది. నిన్న అతికించాను. రెండుసార్లు తప్పితే ఊడదీసి మళ్లీ అతికించాను.

ఇంకాసేపట్లో మీరే చూస్తారు. అంతా ఎర్రగా నడుస్తూ నడుస్తూ, బేకరీ మలుపులో పదకొండు సెకన్లు నీలం చొక్కా నీలంగా, సీసాలు ఆకుపచ్చగా కనబడి, మళ్లీ ఎరుపైపోతుంది. నా కత్తి ఎక్కడ పడిందో వేలు పెట్టి చూపించక్కర్లేదు. దయచేసి అప్పుడు చప్పట్లు కొట్టకండి.

ఇన్నాళ్లు నాకు పని ఇచ్చిన మీకందరికీ, ఈ సభ పెట్టిన మార్సియా గారికి నా కృతజ్ఞతలు. పాలెట్, గోడకి దగ్గరగా ఒక కుర్చీ వేయించాను. నీకే. నన్ను క్షమించమని అడగను, అడగాల్సిన మనిషి లేదు. వెళ్లి కూర్చో. ఈ ఏడు వాడు వస్తాడు.

సెలవు.